తిరిగి రానివాళ్ళ తరఫున

పోయిన నెలలో మా అమ్మాయి ఏదో కేసు పని మీద పాత పార్లమెంటు చర్చలు కంప్యూటర్లో వెతుకుతూ, "అమ్మా, ఇదిగో చూడు, ఇది విజయవాడ తాతయ్య కాదూ?" అని కేకేసింది. లా చదివి అడ్వొకేటుగా చేస్తోంది, ఇలాంటివి తవ్వి తీయడం దాని వృత్తి. కళ్ళజోడు వెతుక్కుని వెళ్ళి చూశాను. తెర మీద మా మావయ్య పేరు, నియోజకవర్గం పేరు, వాటి కింద పదకొండు లైన్లు. తెలుగులో మాట్లాడిన దానికి ఇంగ్లీషు అనువాదం అని ఒక గమనిక. మధ్యలో మూడుచోట్ల 'అంతరాయం' అని ముద్ర కొట్టినట్టు అదే మాట. చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. "ఇంతేనా? చిన్నదే మాట్లాడారే" అంది మా అమ్మాయి. దాని తప్పేం లేదు. ఆ పదకొండు లైన్ల కోసం ఏడాది పైన తిరిగిన మనిషిని అది ఎరగదు కదా.

మావయ్య మా అమ్మకు అన్నగారు. ఉయ్యూరు దగ్గర చెరకు పండించే కుటుంబం. ప్లీడరీ చదివి విజయవాడ సూర్యారావుపేటలో ప్రాక్టీసు పెట్టారు గానీ, ఫీజు ఇచ్చేవాళ్ళ కంటే కాఫీ తాగి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. తొంభైల చివర్లో మొదటిసారి ఎంపీ అయ్యారు. ఆయన గెలిచారు గానీ పార్టీ ఓడిపోయింది. "పెళ్ళికొడుకు ముస్తాబై వచ్చాక పెళ్ళి ఆగిపోయినట్టుంది మీ గెలుపు" అంది అత్తయ్య. మావయ్య గట్టిగా నవ్వారు. ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వచ్చిందని ఆయన బాధపడగా నేను చూడలేదు. "అధికారంలో ఉన్నవాడికి చేతులుంటాయమ్మాయ్, మనకి నోరుంది. ఆ నోటితోనే చేతుల పని చేయించుకోవాలి" అనేవారు. అనడం వరకే కాదు, అందుకోసం ఒళ్ళు హూనం చేసుకునేవారు.

ఆయన ఇంటి ముందు వరండాలో పొద్దున ఆరింటికల్లా జనం ఉండేవాళ్ళు. చెరకు రైతులు, హనుమాన్ జంక్షన్ నుంచి లారీల వాళ్ళు, పింఛను ఆగిపోయిన ముసలి టీచర్లు. ఎవరేం చెప్పినా పాత శుభలేఖల వెనక రాసుకునేవారు. ఎంపీ ఇంటికి శుభలేఖలకు కొదవేముంది? పసుపు అంటిన కార్డు వెనక 'తాగునీటిలో ఉప్పు' అనీ, బంగారు అంచు కార్డు వెనక 'మూతపడ్డ ఆస్పత్రి' అనీ ఉండేవి. ఇక ఆయన కారు సంగతి చెప్పాలి. అది నెలకు రెండుసార్లు ఆటోనగర్ చేరేది. షెడ్డులో దాన్ని విప్పుతున్నంతసేపూ మావయ్య స్టూలు మీద కూర్చుని మెకానిక్కులతో కబుర్లు చెప్పేవారు. సభలో ఆయన అడిగిన ప్రశ్నల్లో సగం ఆ గ్రీజు మరకల మధ్య పుట్టినవే. కొత్త కారు కొనమని ఎవరైనా అంటే, "కొంటే ఆటోనగర్ ఎవరు తీసుకెళ్తారు నన్ను?" అనేవారు.

నేనప్పుడు విజయవాడలోనే ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్తుండేదాన్ని. ముప్పై దాటాయి. ఆదివారాలు నా పని మావయ్య శుభలేఖల్ని ఇంగ్లీషులో ప్రశ్నలుగా మార్చడం. సభలో ప్రశ్న అడగాలంటే రెండు మూడు వారాల ముందే రాసి ఇవ్వాలి. వందల ప్రశ్నల్లోంచి చీటీలు తీసినట్టు కొన్నిటిని తీస్తారు. అదృష్టం ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్తాడు, లేనిదానికి కాగితం మీద వస్తుంది. "ఇంత చదువూ చదివి ఢిల్లీ వెళ్ళి మీరు చేసేది లాటరీ టికెట్లు కొనడమా?" అని అత్తయ్య ఎత్తిపొడిచేది. నేను ఒక పేజీ రాస్తే మావయ్య నాలుగు లైన్లు చేసేవారు. "విశేషణాలు తీసెయ్యమ్మాయ్. మంత్రి విశేషణం పట్టుకుని తప్పించుకుపోతాడు" అనేవారు. నా ఇంగ్లీషు బాగుపడింది కాలేజీలో కాదు, ఆ వరండాలో.

ఒక కార్తీక మాసంలో వాయుగుండం వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకు, నాగాయలంక దాటి సముద్రం వైపు ఉన్న ఒక పల్లెపాలెం నుంచి అయిదుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకే పడవ మీద చేపల వేటకు వెళ్ళిన అయిదుగురు మగవాళ్ళ ఇళ్ళ నుంచి. పడవ చెక్కలు రెండు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ మనుషులు రాలేదు, శవాలూ రాలేదు. ఆ వచ్చినవాళ్ళలో ఒక అత్తాకోడళ్ళు ఉన్నారు. కోడలికి పాతికేళ్ళు ఉంటాయేమో, చంకలో ఏడాది పిల్ల. మాట్లాడింది ఆ అమ్మాయే. మత్స్యకారుల బీమా, పింఛను, రేషను కార్డు మార్పు, దేనికి వెళ్ళినా మరణ ధ్రువపత్రం తెమ్మంటున్నారట. ఆ పత్రానికి పోస్టుమార్టం కాగితం కావాలి. పోస్టుమార్టానికి శవం కావాలి. శవం లేకపోతే ఏడేళ్ళు ఆగాలి. ఏడేళ్ళపాటు జాడ తెలియని మనిషిని అప్పుడు చనిపోయినట్టుగా భావించవచ్చునని చట్టం.

"ఏడేళ్ళు ఏం తినాలో కూడా ఆ సట్టంలో రాశారాండీ?" అని అడిగింది ఆ అమ్మాయి. వెటకారం కాదు. రాసి ఉంటే తెలుసుకుందామని నిజంగానే అడిగినట్టుంది. మావయ్య ఆ మాటను ఉన్నదున్నట్టు ఒక శుభలేఖ వెనక రాసుకున్నారు. అత్తగారు మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. వరండా చివర గోడకానుకుని, వచ్చింది తన పని మీద కాదన్నట్టు వీధిలోకి చూస్తూ కూర్చుంది.

శవం దొరక్కపోయినా మరణ పత్రం ఇస్తారా అని మేం రాసి పంపిన ప్రశ్న లాటరీలో తగల్లేదు. నెలకు పైగా గడిచాక రాతపూర్వకమైన జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. అలాంటి ప్రతిపాదన ఏదీ ప్రభుత్వ పరిశీలనలో లేదు. నిబంధనలు సమంజసంగానే ఉన్నాయి. మావయ్యకు ఒక అలవాటుండేది. జవాబు మంచిదైనా చెడ్డదైనా, ప్రశ్న ఎవరిదో వాళ్ళకు స్వయంగా తీసుకెళ్ళి చదివి చెప్పేవారు. "అడగమన్నది వాళ్ళు, జవాబు వాళ్ళదేగా" అనేవారు. ఆ ఆదివారం నన్నూ కారెక్కించుకున్నారు. కారు అవనిగడ్డ దాకా బుద్ధిగా నడిచి, అక్కడ ఒకసారి అలిగి, మొత్తానికి మధ్యాహ్నానికి పాలెం చేరింది.

వలలు బాగుచేసుకునే పాకలో అందరూ చేరారు. మావయ్య కాగితం చదివి తెలుగులో చెప్పారు. తర్వాత, మళ్ళీ ప్రయత్నిస్తానని చెబుతూ, "చనిపోయిన ఆ అయిదుగురి తరఫున సభలో..." అని మొదలుపెట్టారు. అంతే, మావయ్య వరండాలో నోరు మెదపని ఆ ముసలామె లేచి నిలబడింది.

"నా కొడుకు సచ్చిపోయాడని నీకెవరు సెప్పారు బాబూ?"

కోడలు చెయ్యి పట్టుకుని లాగబోతే విదిలించుకుంది. "నువ్వు సూశావా? నేను సూశానా? కాయితం కోసం ఇది సంతకం పెడతానంటంది, పెట్టుకోనీ. నేను మాత్రం పెట్టను. కన్నదాన్ని, నా నోటితో నా కొడుకుని నేను సంపుకోను. నువ్వెళ్ళి అంత పెద్ద సబలో సచ్చిపోయాడని సెప్తావా?"

కోడలు ఏడవడం మొదలుపెట్టింది. "నాకు మాత్రం ఇష్టమా అత్తా? పిల్లకి పాలెక్కడ్నుంచి తేను?" అంది. ఆ అమ్మాయి నుదుట బొట్టూ, చేతులకు గాజులూ అలాగే ఉన్నాయని అప్పుడు గమనించాను. తీసేస్తే అత్తకు కోపం, ఉంచితే ఆఫీసుల్లో ఎగతాళి. మొగుడు పోయాడని చెప్పుకుంటూ ఈ అలంకారమేమిటని ఒక గుమాస్తా అన్నాడట.

మావయ్య ఆ ముసలామె ముందు చేతులు జోడించారు. "తప్పయిపోయిందమ్మా. ఆ మాట అనను" అన్నారు. ఎన్నికల్లో జోడించిన చేతులు చాలా చూశాను. ఇవి అలాంటివి కావు.

తిరుగు ప్రయాణంలో పామర్రు వచ్చేసరికి, "మనం తప్పు అడుగుతున్నామమ్మాయ్" అన్నారు. "చచ్చిపోయారని ఒప్పుకోండి అని సర్కారుని అడుగుతున్నాం. సర్కారు రుజువు చూపించమంటోంది. న్యాయమే మరి. అసలు చావు సంగతి మనకెందుకు? ఆ మనిషి వేటకు వెళ్ళాడు, ఇంటికి రాలేదు. దానికి ఊరంతా సాక్షి. ఇల్లు గడవకపోవడానికి ఆ రాకపోవడం చాలదూ?" నేను ప్రశ్న రాసిన కాగితం తీసుకుని 'చనిపోయిన' అన్నచోటల్లా కొట్టేశారు. 'తప్పిపోయిన' అని పెట్టమంటారా అంటే, "అది తిరనాళ్ళలో పిల్లల గురించి అనే మాట" అన్నారు. చివరకు 'తిరిగి రాని' అని రాశారు. ఎన్ని చట్టాల పుస్తకాలు తిరగేసినా దొరకని దారి, చదువు లేని ఒక తల్లి మొండితనంలో దొరికింది. ఆ సంగతి ఆయన అందరికీ చెప్పేవారు, తన తెలివిగా ఎన్నడూ చెప్పుకోలేదు.

తర్వాత సమావేశాల్లో జీరో అవర్ కోసం నోటీసులు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రశ్నల సమయం అయిపోయాక, అత్యవసరమైన విషయాలు ఎత్తుకునే సమయం అది. పొద్దున్నే నోటీసు ఇవ్వాలి, పిలుపు వస్తుందని నమ్మకం లేదు. పన్నెండు రోజులు ఇచ్చారు. ఒకసారి పేరు వచ్చేలోపు సభ వాయిదా పడింది, ఒకసారి సమయం చాల్లేదు. కాలేజీ సెలవుల్లో అత్తయ్యతోపాటు నేనూ ఢిల్లీ వెళ్ళాను. సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాం. కింద సభ, చేపల మార్కెట్టును మించిపోయి ఉంది. వేరే ఏదో గొడవ మీద మావయ్య పార్టీ వాళ్ళంతా నినాదాలు చేస్తున్నారు. ఇక బయటికి నడవాలని నిర్ణయించుకుని లేచారు. సరిగ్గా అప్పుడే అధ్యక్ష స్థానం నుంచి మావయ్య పేరు పిలిచారు.

అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పార్టీ నాయకుడు మావయ్య వైపు చూసి రమ్మని చెయ్యి ఊపాడు. మావయ్య ఆయనతో ఏదో అన్నారు. పైనున్న మాకు వినబడలేదు. 'మీరు నడుస్తూ ఉండండి, వెనకాలే వస్తా' అన్నానని తర్వాత చెప్పారు. వరసలన్నీ ఖాళీ అయ్యాయి. అంత పెద్ద సభలో ఆ వైపున తెల్ల పంచెతో ఆయనొక్కరే నిలబడ్డారు. అధికార పక్షం నుంచి నవ్వులు, "మీవాళ్ళు వదిలేసి పోయారు" అని కేకలు. ఆ 'అంతరాయం'లు అవే.

ఆయన తెలుగులో మొదలుపెట్టారు. గొంతు పెంచలేదు. "అధ్యక్షా, మా ఊళ్ళో ఒక తల్లి తన కొడుకు చనిపోయాడని చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకుంది. అందుకని చెప్పను. అయిదుగురు వేటకు వెళ్ళారు, తిరిగి రాలేదు, అంతవరకే చెప్తాను. మన నిబంధన శవాన్ని తెమ్మంటోంది. సముద్రం శవాన్ని ఇవ్వకపోతే ఆ ఇల్లాలు ఏం చెయ్యాలి? ఏడేళ్ళు వేచి ఉండమంటున్నాం. ఆమె వేచి ఉంటుంది, అది ఆమెకు చట్టం నేర్పక్కర్లేదు. కానీ ఆకలి వేచి ఉండదు. ఊరి సాక్ష్యం తీసుకుని, తిరిగి రాలేదని ఒక కాగితం ఇవ్వండి. ఎవరినీ చంపకుండా ఆ ఇళ్ళను బతికించండి."

అనువాదం చెవుల్లోకి ఎక్కేసరికి రెండు క్షణాలు ఆలస్యమవుతుంది కాబోలు, నవ్వులు ఒక్కసారి కాకుండా ఒక్కొక్క వరసే ఆగాయి. ఒక మంత్రి లేచి, పరిశీలిస్తామన్నాడు. మావయ్య నమస్కారం పెట్టి, చెప్పిన మాట ప్రకారం బయటికి నడిచారు. అత్తయ్య ఏడుస్తోంది. జీవితంలో ఆమె ఆయన్ని మెచ్చుకోగా అప్పుడే విన్నాను. "లాటరీ తగిలిందే" అంది.

పార్టీ సంజాయిషీ అడిగింది. తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఇవ్వలేదు. ఈ ఒక్క కారణమేనని చెప్పలేను గానీ, ఇదీ ఒకటని అందరికీ తెలుసు. మావయ్య మాత్రం మంత్రి 'పరిశీలిస్తాం' అన్న ఒక్క ముక్క పట్టుకుని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఇంకో వర్షాకాలం గడిచాక నిబంధన మారింది. పోలీసు ఫిర్యాదు, ఊరి సాక్ష్యం, స్థానిక అధికారి విచారణ ఉంటే ఏడేళ్ళు ఆగనక్కర్లేదన్నారు. అవనిగడ్డలో సభ పెట్టి కాగితాలు పంచింది అధికార పార్టీ వాళ్ళు. మావయ్యను పిలవలేదు. పిలవకపోయినా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ముసలామె కాగితం పుచ్చుకుని, వేదిక మీద ఎవరినీ చూడకుండా నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. "ఏం రాశారో సదువు బాబూ" అంది. ఆయన చదివారు. సముద్రంలోకి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు అని ఉంది. "ఆ మాట లేదుగా?" అని రెండుసార్లు అడిగి, అప్పుడు రసీదు మీద వేలిముద్ర వేసింది.

మావయ్య పోయి చాలా కాలమైంది. ముసలామె అంతకు ముందే పోయింది, వస్తే అన్నం పెట్టాలని కొడుకు కంచం అటక మీద పెట్టుకునే పోయిందట. రెండేళ్ళ క్రితం నేను అటు వెళ్ళినప్పుడు, ఆనాడు చంకలో ఉన్న పిల్ల మండలాఫీసులో పనిచేస్తూ కనిపించింది. వేటకు వెళ్ళి రానివాళ్ళ దరఖాస్తులు కూడా తన బల్ల మీదికే వస్తాయట. "పెద్ద పనేం కాదండీ, సాక్షులుంటే తొందరగానే అయిపోద్ది, ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే కదా" అంది. మావయ్య పేరు ఆ అమ్మాయికి తెలియదు. నాకు మొదట మనసు చివుక్కుమంది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం, ఆయన వింటే ఎంత సంతోషించేవారో అనిపించింది. మంచి పని చేసినవాళ్ళ పేరును కాలం మెల్లగా తీసేసుకుంటుంది, ఆ పనిని మాత్రం ఎప్పట్నుంచో ఉన్నదే అన్నంత మామూలుగా మనకు వదిలేసి పోతుంది.