తడిపి పెట్టిన గ్లాసు

ఇరవై రెండేళ్లుగా ఒక నోటుపుస్తకాన్ని బీరువాలో చీరల కింద దాస్తున్నాను. రాత నాదే. రాసిందే అబద్ధం. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అది 1984 వేసవి. నూజివీడు దగ్గర మాకు మామిడితోట ఉంది. మా అత్తయ్యకి మతిమరుపు ముదిరి అప్పటికి రెండేళ్లు. మనుషుల్ని గుర్తుపట్టేవారు గానీ, ఒంటికి వస్తోందని తెలిసేది కాదు. రోజుకు అయిదు దుప్పట్లు ఉతికేదాన్ని. కాయ బేరానికి వచ్చే షావుకార్లు వరండాలో కూర్చునేవాళ్లు. అత్తయ్య మంచం ఆ పక్క గదిలోనే. ఒకరోజు చాట్రాయి నుంచి వచ్చినాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగించి పుస్తకంలో రాయమని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మర్నాటి నుంచి నేను మూడు ఇచ్చి, ఎనిమిది రాశాను.

ఆవిడ అడక్కపోలేదు.

“అమ్మాయ్, కాసిని మంచినీళ్లియ్యవే.”

“ఇప్పుడేగా తాగారు అత్తయ్యా.”

“తాగానా? నోరు పిడచకట్టుకుపోతోందే!”

“తాగారు. అదిగో గ్లాసు.”

గ్లాసు నేనే తడిపి స్టూలు మీద పెట్టేదాన్ని. ఆవిడ దాన్ని వేలితో తడిమి చూసి నవ్వారు. “అయితే తాగే ఉంటాలే. నా బుర్ర పోయింది గానీ, నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక!”

నా మీద ఆవిడకున్న ఆ నమ్మకాన్నే వాడుకున్నాను. విసుగుతో చేశానా? పరువు కోసమా? రెండూ ఉన్నాయి. పోనీ, ఫలితమైనా దక్కిందా? దుప్పట్లు తగ్గలేదు. వాసన ఇంకా ఘాటెక్కింది.

నలభై ఒకటో రోజున జ్వరం వచ్చింది. డాక్టరుగారు పుస్తకం తిరగేసి, “నీళ్లు బాగానే పడుతున్నాయే” అని, కారణం ఇంకెక్కడో వెతికారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ రెండు రోజులూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. మూడో రోజు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాక తేరుకున్నారు.

అక్కడి ఆయా నాతో, “నీళ్లు మాత్రం తగ్గించకండమ్మా. రెండు గంటలకోసారి బాత్రూంకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి, అంతే” అంది. ఇంటికొచ్చాక గడియారం చూసుకుంటూ అలాగే చేశాను. వారానికల్లా దుప్పట్లు అయిదు నుంచి రెండుకు దిగాయి. గడియారం చూడటం, లెక్క పెట్టడం. నాకు బాగా చేతనైన పనే అది.

కానీ అత్తయ్య మళ్లీ నీళ్లు అడగలేదు. నేనిస్తే గ్లాసు వంక చూసి, “తాగానుగా” అనేవారు. బతిమాలి పట్టించేదాన్ని. అయిదు నెలల తర్వాత పోయారు. నా వల్లేనా? తెలియదు. ఆ తెలియకపోవడం చాటున దాక్కోను.

ముసునూరులో ఉండే మా ఆడపడుచు ఎప్పుడొచ్చినా, “మా అమ్మని నీలా ఎవరు చూస్తారు వదినా” అంటుంది. నేను కాఫీ కలపడానికి లేచిపోతాను.

ఈ పొద్దున పుస్తకం బయటికి తీశాను. ఎర్రసిరాతో ప్రతి ఎనిమిదినీ కొట్టేసి, పక్కన మూడు వేశాను. నలభై ఒక్కసార్లు. తేదీలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. చివరి పేజీ దిద్ది కలం మూసేసరికి ఊపిరి కాస్త తేలికగా ఆడింది.

ఆదివారం ఆడపడుచు వస్తుంది. పుస్తకం చేతికిస్తాను. క్షమించమని అడగను. చదవమంటాను.