వాల్డా ముందు నడిచిన బుధవారం

మా నడక క్లబ్బులో తోక పని ఎవరికీ గిట్టదు. ముందు నాయకుడు దారి చూపిస్తూ పోతాడు. చిట్టచివర ఒకరు వస్తారు, ఆ మనిషిని తోక అంటాం. తోకకు వెనక ఎవరూ మిగిలిపోకూడదు. దారి చీలిన ప్రతిచోటా నాయకుడు ఒకరిని నిలబెట్టి పోతాడు. తోక వచ్చేదాకా ఆ మనిషి ఈగలు తోలుకుంటూ అక్కడే ఉండాలి. అసలు అన్యాయం టీ దగ్గర జరుగుతుంది. ముందున్నవాళ్ళు అరగంట ముందే చేరి, ఫ్లాస్కులు విప్పి, కేకు తిని, కాళ్ళు చాపుకుంటారు. తోక రొప్పుతూ వచ్చి చేరగానే నాయకుడు లేచి సంచి భుజాన వేసుకుంటాడు. వాల్డా ట్రెంబాత్ ఈ అన్యాయాన్ని పందొమ్మిదేళ్ళు భరించింది. ఆ నాయకుడు ఆమె మొగుడు లెస్సే.

వాల్డా ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఎక్కిన తలలు, దిగిన తలలు లెక్కపెట్టుకోవడం ఆమెకు నిద్రలో కూడా పోని అలవాటు. లెస్ రైల్వే వర్క్‌షాపులో రాత్రి డ్యూటీ. పొద్దున ఆయన గుమ్మం ఎక్కుతుంటే ఈమె బస్సు తాళాలు పట్టుకుని దిగుతూ ఉండేది. రిటైరయ్యాకనైనా కలిసి నడుద్దామని ఇద్దరూ మా క్లబ్బులో చేరారు. రెండు నెలలు తిరక్కుండానే ఆయనకు దారులు బాగా తెలుసని ముందుకు, ఆమెకు లెక్క బాగా వచ్చని వెనక్కి పంపాం. అప్పుడు కమిటీలో నేనూ ఉన్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

లెస్ పోయి రెండు చలికాలాలు గడిచాయి. మొన్న ఆగస్టులో డాక్టరు వాల్డా తుంటి చూసి ఇక కొండలెక్కడం మానెయ్యమన్నాడు. ఆమె అక్కణ్నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"క్లెమ్, మర్ఫీ గుట్ట నడక ఒక్కటి నాకివ్వు. నేను ముందు నడుస్తా."

"మరి తుంటి?"

"తుంటి నాది. నీకెందుకు నొప్పి?" అంది. కుర్చీలో కూర్చున్నాక గొంతు తగ్గించింది. "ఆ దారి ఆయన వేసిందే కదా. పందొమ్మిదేళ్ళు నన్ను వెనకొదిలేసి అంత ఇదిగా ఏం చూడ్డానికి పోయేవాడో నేనూ చూడాలి. ఇప్పుడు పోకపోతే ఇంక పోలేను."

"వెనక పని వద్దని ఒక్కనాడైనా చెప్పావా నువ్వు?"

"ఆయనే పిలుస్తాడేమోనని చూశా," అంది వాల్డా.

మాకు వసంతం మొదలయ్యే సెప్టెంబరులో ఓ బుధవారం పద్నాలుగు మందిమి బయల్దేరాం. వాన పడి ఆరు వారాలైంది. నీలగిరి చెట్ల కింద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. తెల్లటి పలుగురాళ్ళు కాళ్ళ కింద దొర్లుతున్నాయి. ఆ ఎండు నేలలోనూ తుమ్మలు మాత్రం సిగ్గులేకుండా పసుపుగా పూశాయి. ఒకప్పుడు బంగారం కోసం తవ్వి వదిలేసిన గోతులున్న చోటు కాబట్టి దారి తప్పి అడుగు పక్కన పెట్టకూడదు. వాల్డా మ్యాపు చేత్తో పట్టుకుని, కర్ర ఊతంగా, మెల్లగా నడిచింది. తోక పని రిటైరైన పళ్ళ డాక్టరు గ్రేమ్‌కి ఇచ్చాం.

"బస్సయితే ఇంతకంటే జోరుగా పోనిచ్చేదానివి," అని వెనక నుంచి ఎవరో చురక అంటించారు.

"బస్సులో ఇట్లా వాగినవాణ్ని మధ్యలోనే దింపేసేదాన్ని," అంది తల తిప్పకుండా.

నేను ఆమె వెనకే నడిచాను. ప్రతి మలుపులో ఆగి అటూ ఇటూ చూసేది. రెండో వాగు దాటాక ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇంతేనా క్లెమ్? మట్టి, రాళ్ళు, ఈగలు. వెనకా ఇవే కదా ఉండేవి."

నిజంగానే ఇంతకంటే ఏమీ లేదు. నాకు ఆమెను చూస్తే జాలేసింది, లెస్ మీద కోపం కూడా వచ్చింది.

గుట్ట మీద టీకి ఆగాం. ఒక పక్క మైదానమంతా కనిపిస్తుంది, అందరం అటే తిరిగి కూర్చుంటాం. లెస్ మాత్రం రెండో పక్కనున్న రాతి మీద మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. మా మొహాలు చూడలేకపోతున్నావా అని ఏడిపించేవాళ్ళం. ఆ సంగతి చెప్పి ఆ రాయి చూపించాను. వాల్డా వెళ్ళి కూర్చుంది. నేను కప్పులో టీ పోసుకుని ఆమెకిద్దామని వెళ్ళాను. ఇన్నేళ్ళలో నేను ఆ రాయి దగ్గరికి వెళ్ళడం అదే మొదలు.

అక్కణ్నుంచి మైదానం కనిపించదు. మేమెక్కి వచ్చిన దారే కనిపిస్తుంది. వాగు దగ్గర్నుంచి బోడి వాలు దాకా, మొత్తం. ఆ వాలు మీద తోక పెట్టుకునే నారింజ రంగు టోపీ ఒక్కటే కదులుతోంది.

"గ్రేమ్ ఎడమ కాలు ఈడుస్తున్నాడు," అంది వాల్డా. "కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి ఇక్కడికి."

టీ అందుకోలేదు. చాలాసేపు ఆ టోపీనే చూసింది.

"లెస్ ఇక్కడ టీ తాగేవాడా?"

గుర్తు చేసుకున్నాను. ఆయన ఫ్లాస్కు మూత తీయడం నేనెప్పుడూ చూడలేదు. అదే చెప్పాను.

"ఇంటికొచ్చాక ఫ్లాస్కు నిండుగానే ఉండేది. చల్లారిపోయిన టీ సింకులో పారబోసేదాన్ని. నా టీ బాగుండదేమో అనుకున్నా." కర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "నేను రాగానే లేచేవాడు. ఎంత తిట్టేదాన్నో."

"చూడాల్సిన మనిషి చేరిపోయింది కదా, ఇంకెందుకు కూర్చుంటాడు?" అన్నాను. ఇంతకాలం నాకూ తట్టనందుకు సిగ్గేసింది.

"చెప్పొచ్చుగా ఒక్కసారి. తలెత్తి చూసేదాన్ని. నేనేమో ఎవరేం పారేసుకున్నారో అని నేల చూసుకుంటూ ఎక్కేదాన్ని. చెయ్యయినా ఊపేదాన్ని కదా." కూర్చున్న రాతిని అరచేత్తో నిమిరింది. "ఒక్కసారి మళ్ళీ కింద నుంచి రావాలనుంది క్లెమ్. ఆయన ఇక్కడ ఉండగా."

గ్రేమ్ రొప్పుతూ వచ్చాడు. అలవాటు కొద్దీ అందరి చేతులూ సంచుల మీదకు పోయాయి. వాల్డా కదల్లేదు.

"కూర్చోవయ్యా. టీ తాగు," అని గ్రేమ్‌కి తనకు పోసిన కప్పు ఇప్పించింది. అతను తాగేదాకా అందర్నీ కూర్చోబెట్టింది. ఆ తర్వాత మ్యాపు నా చేతిలో పెట్టి, గ్రేమ్ తల మీది టోపీ తీసుకుంది.

"దిగేటప్పుడు నేను వెనక వస్తా," అంది.

ముందు నేను నడిచాను. వాగు దగ్గర ఆగి తలలు లెక్కపెట్టాను. నాతో కలిపి పదమూడు. వెనక్కి తిరిగి చూస్తే వాల్డా ఇంకా బోడి వాలు మధ్యలోనే ఉంది. మాకు వీపు పెట్టి, తల పైకెత్తి, ఆ రాయి వైపు చెయ్యి ఊపుతోంది.

"తుంటి పట్టేసిందేమో, పిలవనా?" అన్నాడు గ్రేమ్.

"నోరు మూసుకుని నిలబడు," అన్నాను.

తోక వచ్చేదాకా నాయకుడు ఆగాలి. నేను ఆగాను. ఆమె చెయ్యి దించి మా వైపు తిరిగేదాకా, మిగతావాళ్ళు కూడా ఆ ఎండలోనే నిలబడ్డారు.