గుడ్డ మాత్రం మళ్లా పంపించు

మైదుకూరులో గుడ్డలకు రంగులద్దే ఆమె రేకుల కొట్టంలోకి వెళ్తే ముందు ఊపిరి బిగబట్టడం నేర్చుకోవాలి. పళ్లెంలో మెంతుల జిగురునీళ్లు, వాటిమీద ఊపిరి తగిలినా చెదిరేటట్టు తేలే రంగులు. దువ్వెనతో గీతలు లాగి, పైన గుడ్డ పరిచి ఎత్తితే ఆ గీతలన్నీ గుడ్డకు అంటుకునేవి. కానుకలు చుట్టడానికి వాటిని అమ్మేది. "చించి పారేసే కాగితం కాదప్పా, మళ్లా మళ్లా చుట్టుకోండి" అనేది.

ఒకసారి ఆరేసిన గుడ్డమీద ఎవరికో నాగుపాము పడగ కనిపించింది. గంటలో వాకిలి నిండింది. వీధిపెద్ద టెంకాయతో వచ్చాడు.

"స్వామి వెలసినాడు. ఇంగ ఈడ రంగులపని వద్దమ్మా, గుడి కడతాం."

ఆ కొట్టం పోతే ఆమెకు బతుకుతెరువు లేదు. పడగను చూసింది కళ్లు కాదు, భయమని ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నేను గొంతు పెంచాను. జనం నామీదికి కదిలారు.

"ఊపిరి పట్టుకోండి! పళ్లెం అదురుతాండాది" అని ఆమె అరిచింది.

అందరం బిగబట్టాం. ఆమె అదే దువ్వెనను అటూ ఇటూ లాగి, కొత్త గుడ్డ పరిచి ఎత్తింది. దాని నిండా పడగలే.

"ఇన్ని గుళ్లు యాడ కడతావు మామా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వీధిపెద్ద ముఖం ఎర్రబడింది. ఆమె మొదటి గుడ్డను దించి, ఆయన టెంకాయనే అందులో చుట్టి, ముడివేసి చేతికిచ్చింది.

"ఇంటికి తీసకపో. గుడ్డ మాత్రం మళ్లా పంపించు."

మర్నాడు గుడ్డ వచ్చింది, లోపల ఒక కొబ్బరిచిప్పతో. ఆమె కొబ్బరితో పచ్చడి నూరింది. గుడ్డలో ఎవరిదో పెళ్లి కానుక చుట్టింది.