లచ్చమ్మ పెట్టిన ఆకు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. బడిపంతుల్ని, లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఒక్క సంగతి దగ్గర మాత్రం నోరు పెగలదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి బస్తర్ ఇంకా రాజుల రాజ్యమే. అక్కడి మద్దేడు ఊరి మొదట్లో బడి, దాని పక్క గదిలో చిన్న గ్రంథాలయం. గ్రంథాలయమంటే ఒక చెక్క ఆల్మారీ, అందులో నలభై దాకా తెలుగు, హిందీ పుస్తకాలు. రెంటికీ నేనే దిక్కు. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.

ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు తక్కువ. నూర్పిళ్ళు అయిపోయాక, చలికాలం మధ్యాహ్నాలు అందరూ ఎండలో కూర్చుంటే నేను చదివి వినిపించేవాణ్ణి. ఏ పుస్తకమో తేల్చేదీ నేనే. పశువుల జబ్బుల పుస్తకం చదివితే సగం మంది నిద్రపోయారు. అప్పుడు కథల పుస్తకం తీశాను. సంతలో తప్పిపోయిన కూతురు, ఆమె కోసం ఎదురుచూసే తల్లి.

వినేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఇంటికో ఆకు. ఎక్కడిదాకా విన్నారో ఆ పేజీలో తమ ఆకు పెట్టి వెళతారు. మడిచిన తీరును బట్టి అది ఎవరిదో తెలుస్తుంది. ఒకరు నాలుగు రోజులు రాకపోతే, వచ్చిన రోజున వాళ్ళ ఆకు దగ్గర్నుంచే మళ్ళీ చదవాలి. మిగతావాళ్ళు విసుక్కోకుండా రెండోసారి వింటారు. విసుగల్లా నాకే.

లచ్చమ్మది బీడీలు చుట్టే తునికాకు. కొన రెండు మడతలు మడిచి గడ్డిపరకతో కుట్టేది. ఆమె కూతురు కన్నమ్మ అప్పటికి రెండేళ్ళ కిందట గోదావరి అవతలికి కోతలకని పోయి తిరిగి రాలేదు, కబురూ లేదు. అందుకే ఆ కథంటే లచ్చమ్మకు ప్రాణం. ముగింపు నాకు తెలుసు. కూతురు ఇల్లు చేరేసరికి తల్లి చనిపోయి ఉంటుంది. అది ఆమె ముందు ఎలా చదవాలో తెలియక నాన్చుతూ వచ్చాను.

ఇంతలో లచ్చమ్మకు జ్వరం పట్టుకుంది. ఇదే మంచిదనుకుని, పొద్దున్నే ఆమె ఆకు తీసి చలిమంటలో పడేసి, మధ్యాహ్నం మిగతావాళ్ళకు కథ పూర్తిచేశాను. చేయకూడని పని. ఆ రోజు అందరూ నా మొహం చూడకుండా లేచి వెళ్ళారు.

ఐదో రోజు లచ్చమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. తన ఆకేదని అడిగింది. కథ అయిపోయిందనీ, కూతురు క్షేమంగా తల్లిని చేరిందనీ చెప్పాను.

"నోటితోని చెప్తే ఏంది పంతులూ, చదువు. అండ్ల ఉన్నదే నేను ఇనాలె" అంది.

రేపు చదువుతానన్నాను. మర్నాటికి ఆమె లేవలేదు. మూడో రోజు పోయింది. గోతిలో నేనూ గుప్పెడు మట్టి వేశాను.

తర్వాత తొమ్మిది రోజులకు ఆల్మారీ తెరిస్తే ఆ పుస్తకంలో తునికాకు కనబడింది. కొన రెండు మడతలు, గడ్డిపరక కుట్టు. సరిగ్గా ఆమె ఆగిన పేజీలో. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కానీ అది లేతాకు, ఇంకా ఎర్రదనం పోలేదు. పుష్యమాసంలో తునికి చెట్టుకు ముదురాకే ఉంటుంది. లేతాకు ఎండాకాలం మాట. తీసి పారేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. మూడో రోజు కూడా కనబడేసరికి, నిజం చెప్పొద్దూ, భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

ఆ మధ్యాహ్నం ఎవర్నీ పిలవలేదు. లచ్చమ్మ కూర్చునే గోనె ఎండలో పరిచి, ఆకు దగ్గర్నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఉన్నది ఉన్నట్టు. ఇంకొక్క పేజీ ఉందనగా తలెత్తితే, దడి దగ్గర నెత్తిమీద మూటతో ఒకామె నిలబడి ఉంది. మోకాళ్ళదాకా దుమ్ము. కన్నమ్మ.

ఆమె ఇంకా ఊళ్ళోకి వెళ్ళలేదట. వాగు దగ్గర తల్లి ఎదురైందట. ఇంటికి పోదామంటే రాలేదట.

"నువ్వు ముందుగాల పంతులు కాడికి పో, మిగిలిన కత ఇనుమన్నది మా అవ్వ. ఇది పుస్తకంల పెట్టుమన్నది" అంటూ చెయ్యి చాపింది.

చేతిలో లేత తునికాకు. రెండు మడతలు, గడ్డిపరక కుట్టు.

అప్పటికి లచ్చమ్మ పోయి పదకొండు రోజులు. కన్నమ్మ మూట దించి ఆ గోనె మీదే కూర్చుని, "చదువు పంతులూ, ఆ బిడ్డ ఇల్లు చేరిందా?" అని అడిగింది.

ఆ ఆకులు ఎక్కడివో, వాగు దగ్గర ఎదురైంది ఎవరో ఎన్నో విధాల ఆలోచించాను. కన్నమ్మకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఈ వయసుకీ నాకు తేలలేదు.

ఆ చివరి పేజీ మాత్రం నేను చదవలేకపోయాను. పుస్తకం మూసి, ఆ బిడ్డ ఇల్లు చేరింది గానీ అప్పటికే తల్లి పోయిందని, ఈసారి ఉన్నది ఉన్నట్టు, ఆమెకు నోటితోనే చెప్పాను.