డిక్కీ సీటులో బరువు

నేను లావు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పులివెందులలో పుట్టినప్పటి నుంచీ లావే. బడిలో నన్ను చెనిక్కాయల బస్తా అన్నారు. పెళ్ళిచూపుల్లో "పిల్ల పుష్టిగా ఉంది" అన్నారు. పెళ్ళయిన కొన్నేళ్ళకే పెనిమిటి చచ్చిపోయి నేను పుట్టింటికి తిరిగొస్తే, "మొగుడు పోయినా ఒళ్ళు తగ్గలేదే" అని అమ్మలక్కలు నోళ్ళు నొక్కుకున్నారు. ఏడుపును కూడా తక్కెట్లో పెట్టి చూసే జనం! నా నోరూ తక్కువది కాదు, ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకు చెప్పాను. అయితే నా బరువు వల్ల ఒక మనిషికి సుఖం కలిగిన కాలం కూడా ఉంది. అది కొన్ని నెలలే. ఆ మనిషి నా చెల్లెలు.

చెల్లెల్ని ప్రొద్దుటూరులో ఇచ్చాము. మరిదికి పత్తి మిల్లులో వాటా ఉండేది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో కార్లున్న ఇళ్ళే తక్కువ, ఆ ఉన్నవి కూడా ఇంటిల్లిపాదీ ఎక్కే పెద్ద కార్లు. మా మరిది మాత్రం మద్రాసు పోయి, సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ముందర ఇద్దరికే చోటు, పైన వెనక్కి మడిచేసే గుడ్డ కప్పు. వెనక మూత ఎత్తితే లోపల ఇంకో చిన్న సీటు బయటపడుతుంది. దాన్ని డిక్కీ సీటు అనేవాళ్ళు. అందులో కూర్చున్నవాళ్ళకు ఎండకు ఎండా, దుమ్ముకు దుమ్మూ.

ఆ కారు మహా గట్టిది. చక్రాల పైన ఒకదాని కింద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలుంటాయి, కమాన్లంటారు. వేగంగా పోయే బండి కాబట్టి వాటిని బిర్రుగా బిగించి చేశారట. రోడ్డు మీద చింతగింజ ఉన్నా నడుముకు తెలిసేది. నేను మొదటిసారి ఎక్కి దిగినప్పుడు, "ఏందప్పా ఇది, కారా రోకలా?" అని అడిగాను. మరిది నవ్వాడు. "స్పోర్ట్స్ కారంటే ఇట్లే ఉండాల వదినా. మెత్తగుంటే మలుపులో పల్టీ కొడతాది. గట్టిగుంటేనే రోడ్డు చేతికి తెలుస్తాది" అన్నాడు. చెల్లెలు పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. దానికి ఆ వేగమంటే ఇష్టం. జడ గాలికెగురుతుంటే మైదుకూరు దాకా పోయొచ్చేవాళ్ళు.

తర్వాత దాని కడుపులో గడ్డ లేచింది. జమ్మలమడుగు ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ పోయింది కానీ గాయం మానలేదు. రోజూ కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టాలన్నారు. ఆస్పత్రిలోనే ఉంటే సరిపోయేది. అది ఉండనంటే ఉండనంది. "ఆ వార్డులో పక్క మంచాలోళ్ళు మూలుగుతాంటే నాకు కన్ను మూతపడదు. రోజూ తెచ్చి, రోజూ తీసకపోండి. నా ఇంట్లో నేను పండుకుంటా" అంది. చిన్నప్పటి నుంచీ దాని పట్టు అంతే. దాన్ని చూసుకోవడానికి నేను పులివెందుల నుంచి పెట్టె సర్దుకుని ప్రొద్దుటూరు వచ్చేశాను.

అప్పుడు మొదలైంది అసలు బాధ. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఆనాటి రోడ్డు గురించి ఏం చెప్పమంటారు! అసలే జబ్బు మనిషి, దానికి తోడు ఆ కారు: మూలిగే నక్క మీద తాటిపండు. పోయేటప్పుడు పళ్ళు బిగబట్టుకుని పోయేది, వచ్చేటప్పుడు కట్టు మీద నెత్తురు మరక వేసుకుని వచ్చేది. నాకు కడుపు మండిపోయింది. "రోడ్డు నీ చేతికి తెలిస్తే సరిపోతాదా? నా చెల్లెలి కడుపుకు తెలుస్తాంది గదా!" అని మరిది మీద ఇంతెత్తున లేచాను. పాపం, ఆయన ఆ మరుసటి దినమే మెత్తని కమాన్ల టాక్సీ ఒకటి మాట్లాడి తెచ్చాడు. అది ఉయ్యాల ఊగినట్టు ఊగి, చెల్లెలికి దారంతా వాంతులు. వాంతి వచ్చినప్పుడల్లా కుట్లు లాగి అది విలవిల్లాడింది. "నాకు రోకలే మేలు, నా కారే తీసకరాండి" అంది.

సరే, కారునే మెత్తగా చేద్దామన్నాడు మరిది. కార్ల మేస్త్రీ చేత ఒక్కో కమానులోంచి ఒక పట్టీ తీయించాడు. ఈసారి చెల్లెల్ని ఎక్కించే ముందు నేనొక పని చేశాను. ఆస్పత్రి పెరుగు పులుపని దాని కోసం రోజూ చట్టిలో పెరుగు పంపేదాన్ని. ఆ చట్టిని దాని సీట్లో పెట్టి, "ముందు దీన్ని తిప్పుకొని రా. గడ్డ పెరుగు గడ్డగా వస్తే మనిషిని ఎక్కిద్దాం" అన్నాను. మొదట నవ్వినా, ఆయన పెరుగు చట్టిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటి దాకా పోయొచ్చాడు. వీధిలో వాళ్ళంతా చూశారు. తిరిగొచ్చేసరికి పెరుగు సగం సీటు పాలు, మిగతా సగం మజ్జిగ. కల్వర్టు దగ్గర బండి కిందికంటా దిగి నేలకు కొట్టుకుందట. తీసిన పట్టీలు మళ్ళీ పెట్టించాడు.

మార్గం దొరికింది మా తెలివితో కాదు. ఒక దినం చెల్లెలు ఏడ్చింది. అది ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆస్పత్రికి రానంది. "నేనూ వస్తా పద" అని నేను కష్టపడి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఆ డిక్కీ సీట్లోకి ఎక్కి కూలబడ్డాను. ఇరుక్కున్నాననడం న్యాయం. కారు వెనక భాగం ఒక్కసారిగా కుంగింది. మరిది ముఖంలో భయం కనబడింది. కానీ బండి కదిలి ఊరు దాటాక, ముందు సీట్లోంచి చెల్లెలు వెనక్కి తిరిగింది. "అక్కా! కుదుపుల్యా!" అంది. ఒళ్ళో పెరుగు చట్టిని రెండు చేతులతో పైకెత్తి చూపించింది. మీగడ చెదరలేదు.

జమ్మలమడుగులో మేస్త్రీని అడిగితే, గట్టి కమానుకు బరువు పడితే అది అణగి పనిచేస్తుందని, ఖాళీ బస్సు ఎగిరెగిరి పడి, నిండు బస్సు మెత్తగా పోయేది అందుకేనని చెప్పాడు. చెల్లెలు ఆ దినం ఎంత నవ్విందో! కట్టు పట్టుకుని మరీ నవ్వింది. "ఊరంతా నిన్ను బస్తా అనె. చూడు, నాకు బస్తానే పనికొచ్చె" అంది. ఇసక మూటలేసుకుందామా అని మరిది అడిగితే, "ఇసక మాట్లాడుతాదా? మా అక్కే కావాల" అంది.

ఆ నాటి నుంచి నా బతుకు డిక్కీ సీట్లోనే. తల మీద తడి తువ్వాలు, చేతిలో గొడుగు. దారిలో గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ, నాకేం! రోజూ నేను ఎక్కగానే మరిది వెనక్కి తిరగకుండానే, "తిన్యావా వదినా?" అని అడిగేవాడు. "తిన్యా" అంటే బండి తీసేవాడు. మొదట అది ఎగతాళి. పోనుపోను అలవాటైంది. తాళంచెవి తిప్పడం ఎంతో, ఆ మాట అంత.

చెల్లెలికి ఒకటే కోరిక. పులివెందుల పోవాలి. అక్కడ మా ఇంటి చావిట్లో నున్నగా అరిగిపోయిన నాపరాయి బండలుంటాయి, నడివేసవిలో కూడా చల్లగా ఉంటాయి. చిన్నప్పుడు ఇద్దరమూ మధ్యాహ్నం పూట చెంప వాటికి ఆనించి పడుకునేవాళ్ళం. దానికి రోజూ జ్వరం వచ్చేది. "అక్కా, ఒళ్ళు కాలిపోతాంది. ఒక్క పూట ఆ బండ మీద పండుకుంటే పోతాది" అనేది. డాక్టరమ్మను అడిగితే, గాయం మూతపడేదాకా పులివెందుల పోయే ఆ ముద్దనూరు రోడ్డు మాట ఎత్తవద్దంది. అయినా మరిది ఊరుకోలేదు. ఒకనాడు చెల్లెల్ని కట్టు కట్టించుకోవడానికి ఆస్పత్రిలో దించి, నన్నూ పెరుగు చట్టినీ ఎక్కించుకుని పెన్నేరు దాటి ఆ రోడ్డు మీద కొంత దూరం పోయి చూశాడు. పెరుగు విరిగింది. వచ్చి చెబితే చెల్లెలు, "అయితే ఇంకా బరువు కావాల. అక్కా, బాగా తిను. గాయం మానేలోపల నువ్వు ఇంకో బస్తా కావాల" అంది. నేను నిజంగానే తిన్నాను. సంగటి ముద్ద మీద ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, నెయ్యి. సిగ్గేమీ పడలేదు. నా జన్మలో తిండి అంత ఇష్టంగా తిన్న రోజులు లేవు.

ఆ తర్వాత ఒకనాడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. గడ్డ లోపల మళ్ళీ లేచిందని, ఆ గాయం ఇక మూతపడదని చెప్పింది. మరిదికి అప్పటికే చెప్పిందట. ఆయన నాకు చెప్పలేక, నేను చెల్లెలికి చెప్పలేక, ముగ్గురమూ అదే కారులో రోజూ పోయొచ్చాము. నాకు ముద్ద దిగేది కాదు. కంచం ముందర కూర్చుని లేచిపోయేదాన్ని. మరిది అడిగితే మాత్రం, "తిన్యా" అనేదాన్ని.

కొన్నాళ్ళకు, తిరుగు దారిలో, చెల్లెలు బండి ఆపమంది. మరిది ఆపాడు. అది కష్టపడి వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

"అక్కా, నువ్వు అన్నం తినడంల్యా."

"ఎవురు చెప్పినారే? తింటాండా గదా."

"కారు చెప్తాంది. రెండు మూడు దినాల్నుంచి కుదుపుతాంది."

నేను గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మరిది స్టీరింగు మీదికి తల వంచేసుకున్నాడు. దానికి అంతా అర్థమైపోయింది. మేము దాచిపెట్టిందంతా ఆ నాలుగు చక్రాలు దానికి చెప్పేశాయి. కానీ అది ఏడవలేదు. "నేను పోతే పోతాలే. పోయేదాకన్నా నన్ను కుదపాకండి. తిను అక్కా" అంది. అంత చిన్నగా, బతిమాలినట్టు అంది. ఇంటికి పోయి నేను ఏడుస్తూ తిన్నాను. గొంతులో ముద్ద అడ్డం పడితే నీళ్ళు తాగి మింగాను. దానికి కనబడేట్టు మంచం పక్కనే కూర్చుని తిన్నాను. అది చూస్తూ పడుకునేది.

ఎండలు ముదిరాక, ఒక పొద్దున, ఆస్పత్రి బల్ల మీద కట్టు విప్పుతుండగా చెల్లెలు పోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది. పట్టు వదిలినట్టు కూడా నాకు తెలియలేదు.

శవాన్ని ఎక్కించుకోవడానికి టాక్సీవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. మరిది ఎవరినీ బతిమాలలేదు. దాన్ని తానే ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి, పాత చీరతో సీటుకు కట్టి, తల పక్కకు వాలకుండా తన పైపంచ మడతపెట్టి ఆనించాడు. అంతా అయ్యాక నా వైపు చూసి, "పులివెందులకు పోదాం వదినా. ఒక్క పూట ఆ బండ మీద పండబెట్టి, ఆమీట మా ఊరికి తీసకపోదాం. అడిగింది గదా" అన్నాడు. ప్రొద్దుటూరులో ఆయనవాళ్ళు ఏమంటారో ఇద్దరికీ తెలుసు. నేను తల ఊపాను.

అప్పుడు నా కళ్ళు వెనక చక్రాల మీద పడ్డాయి. పెరుగు విరిగిన ముద్దనూరు రోడ్డు గుర్తొచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం నుంచీ అది జ్వరం మత్తులో ఉంటే నేను ఏమీ తినలేదు. "ఇప్పుడే వస్తా" అని చెప్పి, ఆస్పత్రి ఎదురుగా ఉన్న భోజన హోటల్లోకి పోయి విస్తరి ముందర కూర్చున్నాను.

మనలో శవం లేచేదాకా ఎవరమూ పచ్చి మంచినీళ్ళు ముట్టుకోము. అది నాకు తెలియక కాదు. అన్నం కలిపాను, తిన్నాను. కన్నీళ్ళు ధారగా విస్తట్లో పడుతున్నాయి. వడ్డించే ఆయన దగ్గరికొచ్చి, "ఏందమ్మా, ఎవరికి బాగలేదు?" అని మెల్లగా అడిగాడు. "మా చెల్లెలు పోయింది నాయనా, బయట కార్లో ఉంది" అన్నాను. ఆయన గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. "ఇంగా కొంచెం పెట్టు. రోడ్డు మంచిది కాదు" అన్నాను. ఏమనుకున్నాడో ఏమో, విస్తరి నిండా పెట్టాడు. పక్క వరసలో మా ఊరి మనిషి ఒకాయన బస్సు కోసం వచ్చి తింటున్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఆపేశాడు. ఆయన వల్లే ఊరంతా తెలిసింది. చెల్లెలి శవాన్ని ఎండలో పెట్టి మారన్నం అడిగి తినిందని ఇప్పటికీ నన్ను అంటారు. అననీ. నిజమే కదా, తిన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి, డిక్కీ మూత ఎత్తి, ఎక్కి కూర్చున్నాను. కారు కుంగింది. మరిది స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తున్నాడు. చెల్లెలి జడ సీటు వెనకకు జారి నా మోకాళ్ళ ముందర వేలాడుతోంది. తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"తిన్యావా వదినా?" అన్నాడు.

"తిన్యా అప్పా. మెల్లగా పోనీ" అన్నాను.