టూర్ డైరీలో లేని ఊరు

2003 వేసవి. ఖమ్మం పొలాలు అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఒక నియోజకవర్గం. అక్కడి ఎమ్మెల్యే సోమయ్య గారి దగ్గర నేను పీఏగా చేరి అప్పటికి మూడేళ్లు దాటింది. అసలు ఉద్యోగం వైరా దగ్గర హైస్కూల్లో తెలుగు పండితుడిగా. డెప్యుటేషన్ మీద, అంటే కొంతకాలం వేరే పనికి పంపితే, ఆయన దగ్గరికి వెళ్లాను.

ఆయన ఒక్కసారే గెలిచారు. రెండోసారి పార్టీ టికెట్ ఇవ్వలేదు. స్వతంత్రంగా నిలబడి ఓడిపోయారు. ఆ తర్వాత ఆయన్ను సభలకు పిలిచిన వాళ్లు తక్కువ. 2021లో చనిపోయారు.

పీఏ అంటే ఫోన్లు ఎత్తేవాడని అనుకుంటారు. ఎక్కువ పని రాయడమే. వినతులకు కవరింగ్ లెటర్లు, అసెంబ్లీకి పంపే ప్రశ్నలు, టూర్ డైరీ. ఎమ్మెల్యే ఏ రోజు ఏ ఊరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అనేది టూర్ డైరీలో ఉంటుంది. నేను రాస్తే, వారానికోసారి ఆయన కింద సంతకం పెట్టేవారు.

రోడ్డు లేని లోపలి ఊళ్లను ఆఫీసు భాషలో ఇంటీరియర్ అనేవాళ్లం. ఆ రోజుల్లో నక్సలైట్ల భయంతో, ముందుగా చెప్పకుండా ఎమ్మెల్యే ఇంటీరియర్‌కు వెళ్లకూడదని పోలీసుల ఆంక్ష. చెబితే వద్దనేవారు. చెప్పకుండా వెళ్లినట్టు తెలిస్తే ఆయన గన్‌మెన్ ఇద్దరి ఉద్యోగాల మీదికి వచ్చేది. అందుకని వాళ్లను గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టి, సోమయ్య గారు తలకు తువ్వాలు చుట్టుకుని నా మోటార్ సైకిల్ వెనక ఎక్కేవారు. రాళ్ల దారిలో బండి ఊగితే నా భుజం పట్టుకుని, "జర పైలం పంతులూ, నన్ను పడేస్తే బై ఎలక్షన్ వస్తది" అనేవారు.

ఆ వేసవిలో మద్దులగుంపు వెళ్లాం. పదిహేను ఇళ్లు కూడా లేని కోయగూడెం. పాయం ముత్తమ్మ అనే ఆమె కూతురు, ఆరేళ్ల పిల్ల, జ్వరంతో చనిపోయింది. మంచం మీద మోసుకుని రోడ్డుకు తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ కబురు మూడు రోజుల తర్వాత మాకు తెలిసింది. సోమయ్య గారు పిల్లను పూడ్చిన చోటికి వెళ్లి నిలబడ్డారు. పిల్ల పేరు అడిగారు. తర్వాత ముత్తమ్మ ఇంటి ముందు కూర్చుని, ఇచ్చిన జావ తాగారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. అటవీ సిబ్బంది తమ గుడిసెలు పీకేస్తామంటున్నారని గూడెం వాళ్లు వేలిముద్రలు వేసి ఒక కాగితం ఇస్తే జేబులో పెట్టుకున్నారు. దాన్ని ఆయనే స్వయంగా ఒక అధికారి చేతికి ఇచ్చారు. నకలు తీయలేదు.

ఆ రోజు పేజీలో నేను, "మండల కార్యాలయంలో తాగునీటిపై సమీక్ష" అని రాశాను. ఆయన చదివి, నా వైపు ఒకసారి చూసి, సంతకం పెట్టారు. అలాంటి పేజీలు ఇంకా ఉన్నాయి. అది నా ఉద్యోగంలో జాగ్రత్త అనుకునేవాణ్ణి.

2022లో ముత్తమ్మ నన్ను వెతుక్కుంటూ వైరా వచ్చింది. అప్పటికి నేను రిటైరయ్యాను. ఆమె ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని బస్టాండు నుంచి నడిచి వచ్చింది. అడవి కొట్టి సాగు చేసుకుంటున్న పోడు భూములకు పట్టాల కోసం మద్దులగుంపు వాళ్లు దరఖాస్తు పెట్టారు. చట్టం చెప్పిన 2005 గడువుకు ముందే అక్కడ ఉన్నామని రుజువు కావాలి. ఓటర్ల జాబితాలో వాళ్ల పేర్లు రోడ్డు పక్క ఊరి కింద ఉన్నాయి. రేషన్ కార్డులూ అంతే. మీరు తర్వాత వచ్చి చెట్లు కొట్టారని ఆఫీసులో అంటున్నారట.

"ఓట్లప్పుడు మేం ఉన్నం సారూ. కాయితం కాడికొస్తే లేం" అంది. తర్వాత, "ఎమ్మెల్యే సారు వచ్చిండు గద. నువ్వు అన్నీ రాసేటోడివి. గది తీయ్."

సోమయ్య గారు ఓడిపోయాక డైరీలు నా దగ్గరే ఉండిపోయాయి. తీసి ఆ పేజీ చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు, కానీ రాసిన దానికీ సంతకానికీ మధ్య ఉన్న ఖాళీని వేలితో చూపించింది.

"గీడ జాగ ఉంది గద. ఇప్పుడు రాయ్. చెయ్యి నీదే, మాట నిజమే."

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. రాస్తే అది నిజమే. కానీ చనిపోయిన మనిషి సంతకం మీద, ఆయన చూడని వాక్యం. పెన్ను పక్కన పెట్టేశాను. ఇంకో దారి ఉందా అని అడిగింది. ఉంది. దరఖాస్తుదారు కాని మనిషి తను చూసింది రాసిస్తే దాన్నీ సాక్ష్యంగా తీసుకుంటారు. అంటే నా డైరీ అబద్ధమని నేనే చెప్పాలి. నాలుగు రోజులు గడువు అడిగి ఆమెను పంపించాను.

ఆ నాలుగు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. డైరీని బీరువాలో పెట్టడం, మళ్లీ తీయడం. ఒకరోజు ఖమ్మం బస్సెక్కి, సోమయ్య గారి వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లి, ఆయన భార్య సుగుణమ్మ గారికి విషయం చెప్పాను. ఆమె చివరి దాకా విన్నారు.

"ఆయనకు టికెట్ ఎందుకు రాలేదో మీకు తెల్వదా పంతులు గారు? చాటుగ అడవిలకు పోయి అన్నలను కలుస్తుండని చెప్పిన్రు. ఆయన లేదంటే ఎవ్వరూ నమ్మలే. చాటుగ పోయిన మాట నిజమేనని ఇప్పుడు మీరే పోయి చెప్తరా?"

మేం వెళ్లింది ఎవరి దగ్గరికో మీకు తెలుసు కదా అన్నాను.

"నాకు తెలుసు. ఊరికి తెలుసా?"

లేచాను. వద్దని ఆమె అనలేదు. సరేననీ అనలేదు.

పట్టాల కమిటీ విచారణ రోజు ఒక కుర్ర అటవీ అధికారి నా వాంగ్మూలం చదివి, డైరీ పేజీ పక్కన పెట్టుకున్నాడు. ఆ పేజీలో రాసింది అబద్ధమా అని అడిగాడు. అవునన్నాను.

"ఈ ఒక్క పేజీయేనా?"

"కాదు. ఇంకా ఉన్నాయి."

గదిలో అందరూ నా వైపు చూశారు. నా పేరు పోతే పోనీ. ఆ పేజీలన్నిటి కిందా ఆయన సంతకం ఉంది.

"మరి ఎమ్మెల్యే చాటుగా అడవిలోకి ఎవరిని కలవడానికి వెళ్లారండీ?"

గోడ పక్కన నిలబడ్డ ముత్తమ్మను చూపించి, "ఈమెను" అన్నాను.

అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండానే చెప్పింది. "నా బిడ్డ చచ్చిపోతే వచ్చిండు. బొంద కాడ నిలబడ్డడు. ఆ బొంద ఆడనే ఉంది. మేం పెట్టిన రాళ్లున్నయి. వచ్చి చూడుండ్రి. లేని ఊర్ల పిల్లను ఎట్ల పూడ్చి పెడతం?"

శ్మశానాన్ని కూడా రుజువుగా చూడవచ్చని నియమాల్లో ఉంది. కమిటీ వెళ్లి చూసింది. రాళ్లు ఎప్పటివో రాళ్లు చెప్పలేవు. పూడ్చిన మూడు రోజులకే చూశానన్న నా మాట, అది ఏ రోజో చెప్పే డైరీ పేజీ తేదీ పనికొచ్చాయి. మరుసటి ఏడు గూడెంలో చాలామందికి పట్టాలు వచ్చాయి. ముత్తమ్మకు అడిగినదానికంటే తక్కువే ఇచ్చారు. ఆమె ఫోన్ చేసి దాని గురించే ఎక్కువసేపు పోట్లాడింది, నేనే కొలిచి ఇచ్చినట్టు.

ఈలోగా ఒక పేపర్లో చిన్న వార్త వచ్చింది. మాజీ ఎమ్మెల్యే రహస్య పర్యటనలు, పీఏ వెల్లడి అని. పిల్ల సంగతి అందులో లేదు. ఆ ఏడు సోమయ్య గారి సంవత్సరీకానికి నాకు కబురు రాలేదు. ఇప్పటికీ ఖమ్మం వెళితే ఆ వీధి వైపు పోలేను. ఆయన బతికి ఉంటే ఏమనేవారో తెలియదు. ఆయన్ను అడగకుండానే ఆయన తరఫున చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణనీ తెలుసు. ఈ రెండూ నాలో ఇంకా సర్దుకోలేదు.

ఆ అయిదేళ్లలో ఆయన ఏం చేశారని అడిగితే, నా చేతిరాతలో ఉన్నవన్నీ సమీక్షలూ ప్రారంభోత్సవాలే. వాటికి ఎవరు వెళ్లినా జరిగేవి. ఆయన మాత్రమే వెళ్లిన చోట్లను నేను రాయలేదు. కాపాడుతున్నాననుకుని ఆయన్నూ తీసేశాను, ఆ గూడేన్నీ తీసేశాను.

ఈ మధ్య మా పక్క నియోజకవర్గంలో పీఏగా చేరిన ఒక టీచర్, ఇంటీరియర్‌కు వెళ్లినప్పుడు డైరీలో ఏం రాయాలి సార్ అని అడిగాడు. వెళ్లిన ఊరి పేరు రాయమన్నాను. రాయలేని పరిస్థితి అయితే ఆ రోజు ఖాళీగా వదిలెయ్, ఇంకో ఊరి పేరు మాత్రం రాయొద్దన్నాను.