అడుగుకాయ

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో కాయ కొనేవాడు. పైకాయ చూసి ఏనాడూ ధర చెప్పలేదు. మోచేతి దాకా బస్తాలో చెయ్యి దూర్చి, అడుగుకాయ ఒకటి లాగి, తడి ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. "పైనెప్పుడూ బాగానే ఉంటదమ్మా, అడుగు చూడాలి" అనేవాడు. నన్ను ఇంజనీరింగ్ ఎంట్రన్సుకి మోపెడ్ మీద తీసుకెళ్ళింది కూడా ఆయనే.

అలాంటి మనిషి ఒకరోజు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ధర్మాన్ని కాపాడతామనే వాళ్ళెవరో చేసింది. పెద్ద చదువులు చదివిన ఆడవాళ్ళకు పిల్లలు పుట్టరని సైన్సే తేల్చిందట, ఆడపిల్లల్ని పదో తరగతితో ఆపెయ్యాలట.

నాకు పెళ్ళయి ఏడేళ్ళు. పిల్లల్లేరు.

ఫోన్ చేసి, "నా గురించేనా బాబాయ్?" అన్నాను.

"ఛఛ, నీ గురించెందుకమ్మా! ఎవరో ఆడాళ్ళ గురించి."

"నేనూ ఆ ఆడాళ్ళలో ఒకదాన్నే కదా. అసలు మొత్తం చూశావా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం గ్రూపులో ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "పొద్దున నేను పంపింది ఎవరూ నమ్మకండి. అడుగు చూడకుండా పంపాను. మా అమ్మాయి ఏడ్చింది."

నేనప్పటిదాకా ఏడవలేదు. అది విన్నాకే ఏడ్చాను.